తీసెయ్యని కోచ్

కిన్నెర ఫుట్‌బాల్ క్లబ్ మొదటి ఎనిమిది మ్యాచుల్లో ఏడు ఓడిపోయింది. మిగిలిన ఒక్కటీ డ్రా. అది కూడా అవతలి జట్టువాళ్లు పెనాల్టీ బంతిని స్తంభానికి కొట్టబట్టి. ఈ ఎనిమిది మ్యాచుల కాలంలో క్లబ్ యజమాని ఉదయ్ భాస్కర్ ఒక ఫిట్‌నెస్ ట్రైనర్‌ని, కేరళ నుంచి తెచ్చిన ఫార్వర్డ్‌ని, వంటాయన్ని, బస్సు డ్రైవర్‌ని తీసేశాడు. జెర్సీ రంగు రెండుసార్లు మార్చాడు. కోచ్‌ని మాత్రం ముట్టుకోలేదు.

కోచ్ మురళీకృష్ణ అతని అక్క మొగుడు.

ఉదయ్ భాస్కర్‌కి ఖమ్మంలో మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి, బూర్గంపాడు దగ్గర పామాయిల్ తోట ఉంది. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి వైరా కాలవ కింద భూములు కొన్న కుటుంబం. రాష్ట్రంలో ఎనిమిది జట్లతో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ పెడుతున్నారని తెలియగానే ఖమ్మం జట్టు తనే తీసుకున్నాడు. ఆట మీద ప్రేమ ఉండి కాదు. పెళ్లిళ్లలో తన పక్కన కూర్చునే ప్రతివాడికీ గ్రానైట్ క్వారీయో ఇంజనీరింగ్ కాలేజీయో ఉంది. జట్టు మాత్రం ఎవరికీ లేదు.

అతను ఈ లోకంలో భయపడేది ఒక్క అక్కకే. తల్లి చిన్నప్పుడే పోతే రాజ్యశ్రీయే అతన్ని పెంచింది. ఆమె వైరాలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. మురళీకృష్ణ అదే స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఇరవై మూడేళ్లుగా పిల్లలతో కవాతులు, ఖోఖోలు చేయిస్తున్న మనిషి. డిగ్రీ చదివే రోజుల్లో యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి ఎంపికై, ఒకే ఒక్క మ్యాచ్‌లో చివరి పదకొండు నిమిషాలు ఆడాడు. ఆ పదకొండు నిమిషాల గురించి తర్వాత చాలా ఏళ్లు మాట్లాడాడు. బావమరిది పిలిచి కోచ్‌గా ఉండమంటే స్కూలుకి సెలవు పెట్టి, కొత్త ట్రాక్ సూట్ కొనుక్కుని వచ్చాడు.

జట్టు క్యాంపు బూర్గంపాడు దగ్గర ఆ పామాయిల్ తోటలోనే. నాలుగెకరాల్లో చెట్లు కొట్టించి, గడ్డి వేయించి మైదానం చేశారు. మ్యాచులు మాత్రం ఖమ్మంలో, లేకపోతే అవతలి జట్టు ఊళ్లో. మురళీకృష్ణ రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి, ముందురోజు ఫోన్‌లో చూసిన వీడియోల్లోంచి నేర్చుకున్నది బోర్డు మీద గీసి చెప్పేవాడు. ఆటగాళ్లు శ్రద్ధగా వినేవారు. చెప్పింది చెప్పినట్టు చేసేవారు కూడా. ఇబ్బంది అక్కడే వచ్చింది.

మొదట్లో ఓడిపోయినప్పుడల్లా అతను బస్సులో ముందు సీట్లో కూర్చుని, తలుపు దగ్గర నిలబడే ఉదయ్ భాస్కర్ వంక చూసేవాడు, ఇవాళ తీసేశానని చెబుతాడేమోనని. ఉదయ్ భాస్కర్ భుజం మీద చెయ్యి వేసేవాడు.

"మీరేం దిగులు పడొద్దు బావా. లోపం ఎక్కడుందో నేను చూస్తున్నా."

నాలుగో మ్యాచ్ తర్వాత లోపం వంటలో ఉందని తేలింది. వంటాయన పిచ్చయ్యది ముదిగొండ. ఆటగాళ్లకి పప్పు ఎక్కువ పెట్టి ఒళ్లు బరువెక్కిస్తున్నాడని అతన్ని పంపించేశారు. గరిటెలు గోనెసంచిలో మూటకట్టుకుంటున్న పిచ్చయ్య దగ్గరికి మురళీకృష్ణ వెళ్లి నిలబడ్డాడు.

"ఏమనుకోకు పిచ్చయ్యా. నీ తప్పేం లేదు."

"నాకెరుకే సార్," అన్నాడు పిచ్చయ్య. "నిజం చెప్పాల్నంటే కొంచెం గర్వంగనే ఉంది. పదకొండు మందిని పడగొట్టేంత బలం నా పప్పుల ఉందని నాకిన్నేండ్లు తెల్వదు."

అతను నవ్వుతూనే అన్నాడు గాని మురళీకృష్ణకి ఆ పూట అన్నం సయించలేదు. తన తప్పుకి ఒక్కొక్కరే పోతున్నారు. బస్సు డ్రైవర్ రాందాస్‌ని తీసేసిన రోజు ఇక ఉండబట్టలేక రాజీనామా కాగితం రాసి బావమరిది చేతిలో పెట్టాడు. ఉదయ్ భాస్కర్ దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నేను చూడలేదు బావా. మీరూ రాయలేదు. అక్కకి తెలిస్తే నన్ను ఇంట్లో అడుగు పెట్టనిస్తుందా?"

ఎనిమిదో మ్యాచ్ మూడు సున్నాతో ఓడిన మర్నాడు ఉదయం మురళీకృష్ణ బోర్డు దగ్గరికి వెళ్లలేదు. మైదానం చివర బోరు దగ్గర గోల్‌కీపర్ దూలయ్య తన గ్లవ్స్ ఉతుక్కుంటుంటే వెళ్లి పక్కన రాయి మీద కూర్చున్నాడు. దూలయ్య జట్టుకి కెప్టెన్. ఇరవై తొమ్మిదేళ్లు. బూర్గంపాడు దాటి లోపలికి వెళితే వచ్చే కోయగూడెం అతనిది. ఆశ్రమ పాఠశాలలో ఆట నేర్చి, హైదరాబాదులో రెండు క్లబ్బుల్లో ఆడి వచ్చాడు. ఎక్కువ మాట్లాడడు.

"దూలయ్యా, ఒక్క మాట అడుగుతా. మొహమాటపడకుండా చెప్పు. మనం ఎందుకు ఓడిపోతున్నాం?"

దూలయ్య గ్లవ్స్ పిండి, తీగ మీద వేశాడు.

"గోల్స్ ఎక్కువ ఇస్తున్నం సార్."

"అది నాకూ తెలుసయ్యా. ఎందుకిస్తున్నాం?"

"మీరు కోపానికి రావొద్దు."

"రాను."

దూలయ్య చతికిలబడి, తడి మట్టిలో వేలితో గీతలు గీశాడు. "గిటు పక్క ఒకడు, గటు పక్క ఒకడు. మీరు ఇద్దర్ని ఒక్కసారే పైకి పొమ్మంటరు. ఇద్దరు పోతరు. నడుమల మంగీలాల్ ఉండాలె. ఆయన బంతి యాడుంటే ఆడికి ఉరుకుతడు. ఆయన ఖాళీ చేసిన జాగలకెల్లే వాళ్లొస్తరు. ప్రతిసారి గంతే. వెనక నిలబడ్డోన్ని, నాకు మొత్తం కనబడ్తది సార్. ముందలికి పోయి ఆపుదమంటే గోలు కాడ ఎవరుంటరు?"

మురళీకృష్ణ ఆ మట్టి గీతల్ని చూశాడు. ఎనిమిది వారాలుగా బోర్డు మీద తను గీసినవన్నీ కలిపినా ఇంత తేలిగ్గా అర్థం కాలేదు.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలె గద సార్."

ఆ ఉదయమే ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. జట్టు దూలయ్య చెప్పినట్టు ఆడుతుంది. గోల్ దగ్గర నుంచి అతను ఎవరు ఎక్కడ ఉండాలో అరిచి చెబుతాడు. మురళీకృష్ణ తను మైదానం వైపే రాకుండా గదిలో కూర్చుంటానన్నాడు. దూలయ్య ఒప్పుకోలేదు.

"అట్ల బాగుండదు సార్. ఓనర్ సార్ చూస్తుంటరు. మీరు గీత కాడ నిలబడి అరవున్రి. ఏదో ఒకటి అరవున్రి. మావోళ్లకు నేను చెప్త, మీ మాట పట్టించుకోవద్దని."

చివరి మాట చాలా మర్యాదగానే అన్నాడు.

తొమ్మిదో మ్యాచ్ ఖమ్మంలో, నిజామాబాద్ జట్టుతో. వాళ్లు అప్పటికి లీగ్‌లో రెండో స్థానంలో ఉన్నారు. మురళీకృష్ణ గీత దగ్గర నిలబడి, వీడియోల్లో విన్న ఇంగ్లిష్ ముక్కల్లో నోటికి బాగా పట్టిన, అవతలివాళ్ల మీదికి ఎగబడమనే ముక్కని పట్టుకుని "ప్రెస్! ప్రెస్ చెయ్!" అని తొంభై నిమిషాలూ అరిచాడు. చేతులు ఊపాడు. నీళ్ల సీసా నేలకేసి కొట్టాడు. ఒక్క ఆటగాడు కూడా అతని వైపు తల తిప్పలేదు. మంగీలాల్ మొట్టమొదటిసారి తన చోట తను నిలబడ్డాడు. కిన్నెర ఒకటి సున్నాతో గెలిచింది.

గెలుపంటే ఏం చెయ్యాలో తెలియక ఖమ్మం ప్రేక్షకులు ముందు ఒక క్షణం ఊరుకున్నారు. తర్వాత కంచె దూకి వచ్చి కోచ్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. లోకల్ యూట్యూబ్ చానల్ అతను సీసా విసిరే దృశ్యాన్ని పదేపదే వేసింది.

విలేకరుల ముందు మురళీకృష్ణ ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఈ గెలుపు దూలయ్యది. ప్లాన్ మొత్తం అతనిదే. నేను చేసిందేమీ లేదు. ఊరికే అరిచాను." తెల్లారి పేపర్లో జిల్లా పేజీ పైన అతని ఫోటో పడింది. కింద పెద్దక్షరాల్లో 'గెలిచినా ఒదిగిన గురువు' అని ఉంది.

అతను కంగారు పడి పేపరు తీసుకెళ్లి దూలయ్యకి చూపించాడు. "నేను నిజమే చెప్పానయ్యా. వాళ్లిలా రాశారు."

దూలయ్య మొత్తం చదివాడు. "మంచిగనే రాసిన్రు సార్," అని పేపరు మడిచి ఇచ్చాడు. అందులో అతని పేరు 'ధూళయ్య' అని పడింది.

పదో మ్యాచ్ డ్రా అయింది. పదకొండోది గెలిచారు. మురళీకృష్ణ మళ్లీ అదే చెప్పాడు. మళ్లీ చప్పట్లు కొట్టారు. పన్నెండోది ఓడిపోయారు, ఒకే గోల్ తేడాతో. పదమూడోది గెలిచారు. ఆ రోజు ప్రెస్ మీట్‌కి అతను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని వెళ్లాడు. "అంతా దూలయ్యే" అన్నాక ఎంతసేపు ఆగాలో, "నాదేమీ లేదు" అనేటప్పుడు గొంతు ఎంత తగ్గించాలో అప్పటికి అతనికి తెలిసిపోయింది. చెబుతున్నది అప్పటికీ నిజమే. కాకపోతే ఎవరైనా నమ్మేస్తారేమోనన్న చిన్న బెంగ మొదటిసారి కలిగింది. ఆ బెంగకి తనే ఉలిక్కిపడి, ఆ సాయంత్రం దూలయ్య ఎదురుపడకుండా తిరిగాడు.

ఒక్క మ్యాచ్ మిగిలింది, వరంగల్‌తో, ఖమ్మంలోనే. పట్టికలో కిందినుంచి రెండో స్థానం. డ్రా చేసుకుంటే లీగ్‌లో ఉంటారు. ఓడిపోతే రెండో డివిజన్‌కి దిగిపోతారు. మ్యాచ్‌కి అయిదు రోజుల ముందు ఉదయ్ భాస్కర్ తన కారులో క్యాంపుకి వచ్చాడు. మనిషి వెలిగిపోతున్నాడు.

"బావా, ఇన్నాళ్లూ మీ చేతిలో సరైన మనుషుల్ని పెట్టకుండా మిమ్మల్ని కష్టపెట్టాను. ఇంత చిన్న జట్టుతోనే ఇంత చేశారే, అసలైన ఆటగాణ్ణిస్తే ఏం చేస్తారో అనుకున్నా. కలకత్తాలో పెద్ద క్లబ్బుకి ఆడిన గోల్‌కీపర్‌ని మాట్లాడాను. ఎల్లుండి దిగుతున్నాడు."

"గోల్‌కీపర్ ఎందుకు? దూలయ్య ఉన్నాడుగా!"

"అతన్ని రిలీజ్ చేశా. లీగ్ రూలు ప్రకారం ఒకరొస్తే ఒకరు పోవాలి. ఎవరు పోవాలా అని లెక్కలన్నీ తెప్పించి చూశా బావా. మన జట్టులో అందరికన్నా ఎక్కువ గోల్స్ ఇచ్చింది ఎవరో తెలుసా? దూలయ్యే! ఒక్కడే ముప్పై దాకా ఇచ్చాడు. మిగతావాళ్లు ఒక్కటి కూడా ఇవ్వలేదు."

మురళీకృష్ణ బావమరిది చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఉదయ్, నా మాట విను. నేను ప్రెస్‌లో చెప్పిందంతా అక్షరాలా నిజం. ఆడించింది దూలయ్య. నాకు ఈ ఆట రాదు. నేను గీత దగ్గర నిలబడి పిచ్చి కేకలు వేస్తున్నానంతే. ఒట్టు."

ఉదయ్ భాస్కర్ అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "చూశారా, వెళ్లిపోయేవాడి కోసం కూడా మిమ్మల్ని మీరు ఇంత తక్కువ చేసుకుంటున్నారు. ఈ గుణం నాకు ఎందుకు రాలేదో!"

"గుణం కాదురా! నిజం!"

"సరే బావా, నిజమే," అన్నాడు ఉదయ్ భాస్కర్, చిన్నపిల్లల్ని ఊరుకోబెట్టినట్టు.

మురళీకృష్ణ ఆటగాళ్లని పిలిచి అడిగించాడు. మంగీలాల్, ఇంకో ఇద్దరు వచ్చి కోచ్ చెప్పింది నిజమేనన్నారు. కోచ్‌కి తగ్గ శిష్యులని ఉదయ్ భాస్కర్ వాళ్లని మెచ్చుకుని పంపించాడు. దూలయ్య అప్పటికే బ్యాగు సర్దుకుని బూర్గంపాడు ఆటో ఎక్కేశాడు.

కలకత్తా గోల్‌కీపర్ పొడుగ్గా, హుందాగా ఉన్నాడు. ఆటలో ఒక్క మాట మాట్లాడడు. మాట్లాడినా బెంగాలీలో మాట్లాడతాడు. వరంగల్‌తో మ్యాచ్ మొదలైన పది నిమిషాలకే కిన్నెర ఆటగాళ్లు బంతి వదిలేసి వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టారు. వెనక నుంచి రావలసిన కేక రావటం లేదు. మొదటి గోల్ పడింది. రెండోది పడింది. అప్పుడు, ఆరు మ్యాచుల్లో మొట్టమొదటిసారి, పదిమందీ గీత దగ్గరున్న కోచ్ వైపు తల తిప్పారు. ఏం చెయ్యమంటారు అన్నట్టు చూశారు.

మురళీకృష్ణ నోరు తెరిచాడు. ఏదైనా పనికొచ్చే మాట కోసం లోపలంతా వెతికాడు.

"ప్రెస్!" అన్నాడు.

ఆ మాట పట్టించుకోకూడదని వాళ్లకి బాగా అలవాటైంది. తల తిప్పుకున్నారు. అయిదు సున్నాతో మ్యాచ్ అయిపోయింది. కిన్నెర క్లబ్ రెండో డివిజన్‌కి దిగిపోయింది.

మర్నాడు ఉదయ్ భాస్కర్ కలకత్తా గోల్‌కీపర్‌ని తీసేశాడు.

మూడో రోజు మురళీకృష్ణ బస్సెక్కి బూర్గంపాడులో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో దూలయ్య గూడేనికి వెళ్లాడు. దూలయ్య ఇంటి పక్క కల్లంలో మిరపకాయలు ఎగదోస్తున్నాడు. వాళ్లమ్మ చిన్నక్క వసారాలో తాలుకాయలు ఏరుతోంది. సారుని చూసి నులకమంచం వాల్చి, కొడుకుని కోయలో ఏదో అడిగింది. దూలయ్య తెలుగులో చెప్పాడు. "అవ్, టీవీల అరుస్తడే, ఆ సారే." ఆమె నవ్వు ఆపుకుంటూ టీ పెట్టటానికి లోపలికి వెళ్లింది.

"దూలయ్యా, నేను ఆపలేకపోయాను," అన్నాడు మురళీకృష్ణ. దారి పొడుగునా చాలా అనుకుని వచ్చాడు గాని తీరా వచ్చింది అంతే. తర్వాత బలవంతంగా ఇంకో మాట అన్నాడు. "చివర్లో ఆ చప్పట్లు నాకూ బాగానే ఉన్నాయి. మొదట్లోనే ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది."

దూలయ్య కాయలు ఎగదోయటం ఆపాడు. "నాకు కోపం రాలేదని చెప్ప సార్. వచ్చింది. రెండు రోజులు ఫోన్ గూడ బంద్ పెట్టిన." మళ్లీ కాయలు ఎగదోస్తూ అన్నాడు. "తర్వాత ఆన్ చేస్తే నిజామాబాద్ కోచ్ సార్ ఫోన్ చేసిండు. ఆడుకుంట, జట్టును గూడ చూస్కోవాలట. అసిస్టెంట్ కోచ్ అన్నడు. వచ్చే నెల పోతున్న."

మురళీకృష్ణ మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. "వాళ్లకెలా తెలిసింది? నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెబితే ఇక్కడ ఒక్కడు నమ్మలేదే!"

"వాళ్లు మీ మాటలు వినలే సార్. మ్యాచ్ వీడియో సౌండ్ బంద్ పెట్టి చూసిన్రట. మీ చేతులు ఒక తీరు ఊగుతున్నయట, మావోళ్లు ఇంకో తీరు ఉరుకుతున్నరట. ఎవన్ని చూసి ఉరుకుతున్నరా అని ఎతికిన్రట."

మురళీకృష్ణకి సంతోషమే కలిగింది. ఆ సంతోషం అడుగున, తను తొంభై నిమిషాలు అరిచిన అరుపుల్ని ఎవరో సౌండ్ తీసేసి చూశారన్న చిన్న నొప్పి కూడా కలిగింది. రెండూ కలిపి టీతో పాటు మింగేసి వచ్చాడు.

సాయంత్రం వైరాలో ఇంటికి చేరేసరికి రాజ్యశ్రీ బల్ల మీద పదో తరగతి పేపర్లు దిద్దుతోంది. అతను చెప్పులు విప్పకుండానే మొదటి నుంచి చివరిదాకా మొత్తం చెప్పాడు. ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"నాకు తెలుసండీ."

"ఏం తెలుసు?"

"టీవీలో మీరు 'ప్రెస్' అని అరిచేటప్పుడు మొహం చూశాను. కరెంటు బిల్లు కట్టకుండా కట్టానని చెప్పేటప్పటి మొహం."

"మరి ఒక్కసారీ అనలేదే!"

"మీకు ఇష్టమేమో అనుకున్నా. అందరూ భుజాల మీద మోస్తుంటే నేనెందుకు అడ్డం చెప్పాలి?"

"నేను రాజీనామా రాశాను రాజ్యం. మీ తమ్ముడు తీసుకోలేదు. నువ్వేమంటావోనని."

రాజ్యశ్రీ ఫోన్ అందుకుని, తమ్ముడికి చేసి స్పీకర్ పెట్టింది.

"ఉదయ్, మీ బావని కోచ్‌గా తీసెయ్."

"అక్కా, నువ్వే కదా ఆయన్ని పెట్టమన్నది?"

"నేనెప్పుడన్నాను?"

"జట్టు తీసుకున్నప్పుడు. బావకి ఆటలంటే ప్రాణం, ఆయన్ని కూడా కొంచెం చూసుకోరా అన్నావ్."

"మ్యాచులకి పాసులిమ్మన్నానురా!"

ఉదయ్ భాస్కర్ గొంతు చాలా తేలికపడి వినిపించింది. "అయితే తీసెయ్యొచ్చా అక్కా?"

"ఇప్పుడే తీసెయ్."

"హమ్మయ్య," అన్నాడు ఉదయ్ భాస్కర్. పక్కన బావ ఉన్నాడని తెలియక.

నాలుగు నెలలుగా జరగని పని రెండు నిమిషాల్లో అయిపోయింది. మురళీకృష్ణ సోమవారం నుంచి స్కూలుకి వెళ్లటం మొదలుపెట్టాడు. నిజామాబాద్ నుంచి దూలయ్య జట్టు బ్లేజరు వేసుకున్న ఫోటో ఒకటి పంపాడు. ఉదయ్ భాస్కర్ గోవా నుంచి డిప్లొమా ఉన్న కోచ్‌ని తెచ్చుకున్నాడు. ఇక అందరికీ సర్దుకుందనుకునే వేళకి పేపర్లో వార్త వచ్చింది, 'ఒదిగిన గురువుపై వేటు' అని.

ఆ ఆదివారం ఖమ్మం నుంచి అభిమానులు పదిహేను మంది రెండు కార్లలో వైరా వచ్చారు. కోచ్‌ని వెనక్కి తీసుకురావటానికి కమిటీ వేశారట. జిల్లా అంతా సంతకాలు సేకరిస్తున్నారట. మురళీకృష్ణ వాళ్లని వసారాలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా, విడమరిచి చెప్పాడు.

"అయ్యా, నాకు ఫుట్‌బాల్ రాదు. నన్ను తీసెయ్యటం న్యాయం. నేనే తీసెయ్యమన్నాను."

వాళ్లు దాన్ని ఫోన్లలో రికార్డు చేసుకున్నారు. ఇద్దరు లేచి అతని కాళ్లకి దండం పెట్టబోయారు. లోపల్నుంచి రాజ్యశ్రీ గడప దాకా వచ్చి, పదిహేను మందికి టీ పెట్టాలా, లేక ఆయన ఇంకా ఏమన్నా చెప్పబోతున్నారా అని అడిగింది.